హెడ్లీ చేసిన ఇంజిన్

1991, ఏప్రిల్ 9

ఈ రోజు షెడ్డులోకి వెళ్ళాను. రంపం కోసం. మెట్ల పక్కన హెడ్లీ పట్టుకోవడానికి కర్ర ఒకటి బిగించాలి, అది బెత్తెడు పొడుగెక్కువైంది.

ఫిబ్రవరిలో తలుపు పగలగొట్టి హెడ్లీని బయటికి తెచ్చిన రోజు తర్వాత నేనందులో అడుగు పెట్టలేదు. ఆ రోజుకి ముందు ఐదేళ్ళూ పెట్టలేదు. లోపలుంటే గడియ, బయటికొస్తే తాళం. రైల్వే వర్క్‌షాపు మూసేసిన నెలలోనే తోట చివర ఈ షెడ్డు కట్టుకున్నాడు. పదిహేనో ఏట బాయిలర్ల విభాగంలో చేరి నలభై ఏళ్ళు సుత్తి పట్టిన మనిషి, ఊరికే కూర్చోలేడు కదా అనుకున్నాను. మోడల్ ఇంజిన్ పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. రోజూ టీ తాగి వెళ్ళేవాడు, ఏడింటికి భోజనానికి వచ్చేవాడు. ఎంతవరకొచ్చిందంటే ‘సాగుతోంది’ అనేవాడు.

పెట్టె బల్ల మీదే ఉంది. తెరిచాను. ఇత్తడి రేకులు కాగితంలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. బాయిలర్‌కి రెండు పక్కలా వేలాడే నీళ్ళ ట్యాంకులు, డ్రైవరు గది, బొగ్గు తొట్టి, అన్నీ రేకులోనే ఉన్నాయి. కత్తిరించనైనా లేదు. అతికించింది ఒక్క అడుగు పలక. అదీ వంకర. అతుకులు బూడిదరంగులో, ఉప్పు పేరుకున్నట్టు గరుకుగా ఉన్నాయి. మా టెలిఫోన్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్ల అలాంటి అతుకు పెడితే నేను బోర్డు వెనక్కిచ్చేదాన్ని.

ఐదేళ్ళు.

రంపం తెచ్చుకుని కర్ర కోశాను. సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్ 10

హెడ్లీని ఏమీ అడగలేదు. అడిగినా ఏం చెప్తాడు. పక్షవాతం కుడిచెయ్యిని, మాటని రెంటినీ పట్టుకుపోయింది. ఇప్పుడతని నోట వచ్చేవి రెండే. ఒకటి ‘సరే’. రెండోది ‘మంగళవారం’. టీ కావాలన్నా మంగళవారమే, కాలు లాగుతోందన్నా మంగళవారమే. మాటలు నేర్పడానికి వారానికోసారి వచ్చే అమ్మాయి కిర్స్టీ చెప్పింది, అర్థం పోలేదట, మాట దొరకడం లేదంతేనట. వస్తువుల పేర్లు ముందొస్తాయేమో చూద్దామంది. కొందరికి అంకెలు వరసగా చెబితే వస్తాయంది.

వర్షం. చిక్కుడు పాదులకు ఇంకా కర్రలు పాతలేదు.

ఏప్రిల్ 17

డెస్మండ్ సెల్‌వుడ్ వచ్చాడు. హెడ్లీ వెళ్ళే మోడల్ రైళ్ళ క్లబ్బుకి కార్యదర్శి. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. మనిషి మంచివాడే, కాకపోతే ఎదుటివాళ్ళంతా ఇంకా మొదటి ఎక్కం దగ్గరే ఉన్నారనుకుంటాడు. హెడ్లీతో గట్టిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు, చెవిటివాడితో మాట్లాడినట్టు. తర్వాత నా వైపు తిరిగి మామూలు గొంతుతో అసలు సంగతి చెప్పాడు.

“జనవరి మీటింగులోనే మూడొంతులు అయిపోయిందన్నాడండీ. బాయిలర్ కూడా ఎక్కించేశానన్నాడు. ఇక మిగిలింది సన్నపనేగా. పెట్టె ఇలా ఇచ్చారంటే నేను పూర్తి చేసేస్తాను. అక్టోబర్ ప్రదర్శనలో ఎలాగూ అతని పేరు రాసేశాం. ఆ పేరు మీదే పెడదాం.”

హెడ్లీ చెవులు ఎర్రబడ్డాయి. ఎడమచెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది. నేను చూశాను. నేను చూడటం అతనూ చూశాడు.

పెట్టె ఇవ్వక్కర్లేదన్నాను. దాదాపు అయిపోయింది, మిగిలింది ఎడమచేత్తో మెల్లగా తనే కానిస్తాడన్నాను. ఇంత తేలిగ్గా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

“సరే” అన్నాడు హెడ్లీ.

డెస్మండ్ వెళ్ళాక కప్పులు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఏప్రిల్ 18

మధ్యాహ్నం హెడ్లీ పడుకున్నాక షెడ్డుకి వెళ్ళి ఆ అడుగు పలక అతుకులన్నీ కరిగించి విప్పేశాను. రేకు వంకర తీసి, బల్ల మీద పరిచి, మళ్ళీ అతికాను. ఫ్యాక్టరీలో వాడిన నా సోల్డరింగ్ ఐరనే. సన్నటి తీగల మీద పనిచేసిన చేతికి ఈ ఇత్తడి కొత్త. వేడంతా తాగేస్తుంది, ఎంత పెట్టినా చాలదన్నట్టు ఉంటుంది, ఉన్నట్టుండి టంకం నీళ్ళలా పాకిపోతుంది. ఆ పాకే క్షణం కోసం కనిపెట్టుకుని ఉండాలి. నాలుగో అతుక్కి పట్టు దొరికింది.

ఇరవై నాలుగేళ్ళు చేశాను ఆ పని. ఫిబ్రవరిలో మానేశాను.

ఇదంతా హెడ్లీ కోసమే. క్లబ్బులో పదిమంది ముందు మాట పోకూడదు. అంతే.

మే 6

అడుగు పలక, దాని మీద నిలబెట్టిన డ్రైవరు గది వంటింటి బల్ల మీద హెడ్లీ ముందు పెట్టాను. దాచిపెట్టి చెయ్యడం నావల్ల కాలేదు. చాలాసేపు చూశాడు. ఎడమ బొటనవేలితో అతుకు వెంబడి రాసుకుంటూ పోయాడు. అతుకు ఎక్కడుందో వేలికి తగల్లేదనుకుంటాను.

బల్ల అంచుదాకా తోసేశాడు. రాత్రి భోజనం చెయ్యలేదు.

మే 7

చెయ్యలేదు.

మే 8

ఉదయం గుడ్డు తిన్నాడు. తర్వాత డ్రైవరు గదిని దగ్గరికి లాక్కున్నాడు. పెట్టెలోంచి ట్యాంకుల రేకు తీయమని సైగ చేశాడు. రేకు వెనక సూదిమొన అంత గుంటలు వరసగా ఉన్నాయి. వాటిని వెనకనుంచి నొక్కితే ముందు వైపు రివెట్ తలలు పొడుచుకొస్తాయి. అందుకు చిన్న మీట ఉన్న పనిముట్టు షెడ్డులో ఉంది, కొన్న కాగితంలోనే. తెచ్చి బల్లకి బిగించాను. రేకు నేను పట్టుకున్నాను. హెడ్లీ ఎడమచేత్తో మీట దించాడు.

“ఒకటి” అన్నాడు.

నేను రేకు జరిపాను.

“రెండు.”

ఒక్కో ట్యాంకుకి నూట నాలుగు. ఎక్కడా తప్పలేదు, ఆగలేదు. అతని మామూలు గొంతు విని మూడు నెలలైంది.

నాకు చెయ్యి తిమ్మిరెక్కింది. అందుకే లేచి సింకు దగ్గరికి వెళ్ళాను.

మే 21

కిర్స్టీకి రివెట్లు చూపించాడు. “రివెట్” అన్నాడు, స్పష్టంగా. “బాయిలర్” అన్నాడు. ఆ అమ్మాయి సంతోషం పట్టలేక నన్ను చూపించి, మరి ఈవిడెవరు హెడ్లీ అనడిగింది.

చాలాసేపు వెతికాడు. నుదుట చెమట పట్టింది.

“మంగళవారం.”

పేర్లకి సమయం పడుతుందని వెళ్ళేముందు వీధి గుమ్మం దగ్గర ఓదార్చింది. నాకేమీ అనిపించలేదని చెప్పాను. బాయిలర్‌తో నలభై ఏళ్ళు ఉన్నాడు, నాతో ముప్పై నాలుగేగా.

జూన్ 3

బాయిలర్ రేకు చీపురుకర్ర మీద చుట్టాను. రెండోసారికి గుండ్రంగా వచ్చింది. గంటలో వస్తాననుకున్నాను, సాయంత్రం ఐదయింది.

జూన్ 10

చక్రాలు, వాటిని కలిపే కడ్డీలు. తిరగడం లేదు.

జూన్ 11

తిరగడం లేదు. ఒక్క చోట పట్టేస్తోంది. చక్రం ముప్పావు వంతు తిరిగి ఆగిపోతుంది.

జూన్ 12

మొన్న నోరా వచ్చింది, హెడ్లీ చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. నేను షెడ్డులో ఉన్నానట. సూపు కాచి అతనికి పెట్టిందట. నాకు చెప్పలేదు, ఈ రోజు బజార్లో కనబడితే చెప్పింది. “నీకు తీరిక లేదు కదా వదినా” అంది.

తిరగడం లేదు.

జూన్ 13

కడ్డీకి మధ్య రంధ్రం వెంట్రుకవాసి ఇరుకుగా ఉంది. సన్నటి రేకుపుల్లతో రెండు చుట్లు గీకాను. తిరిగాయి. అద్దం పలక ఏటవాలుగా పెట్టి పైనుంచి వదిలితే చప్పుడు లేకుండా కిందికి దొర్లుకుంటూ వచ్చింది. పదకొండుసార్లు వదిలాను.

హెడ్లీకి చూపించాలని పరిగెత్తాను. పడుకున్నాడు. లేపుదామా అనుకున్నాను.

జూన్ 20

హెడ్లీ తోటలో పడ్డాడు. తనంతట తను లేచి షెడ్డు వైపు వస్తున్నట్టున్నాడు. మోచెయ్యి గీసుకుంది, ఇంకేం కాలేదు. పక్కింటివాళ్ళ సాయంతో లేపాను. నాకు వినపడలేదు. షెడ్డులో రేడియో పెట్టుకుని ఉన్నాను.

జూన్ 21

వినపడదు. రేడియో మోగుతుంటే ఎవరికైనా వినపడదు.

జూన్ 24

నోరాకి ఎలాగో తెలిసింది. పక్కింటివాళ్ళు చెప్పి ఉంటారు. కోటైనా విప్పకుండా వంటింట్లో నిలబడింది.

“మా అన్నయ్య ఐదేళ్ళు ఆ షెడ్డులో కూర్చుని నిన్ను వదిలేశాడు. ఇప్పుడు నీ వంతా?”

నేను చిక్కుళ్ళు ఒలుస్తూనే ఉన్నాను. అతని ఇంజిన్ పూర్తి చేస్తున్నానని, అతని పరువు కోసమేనని అందామనుకున్నాను. నోరాకి అదీ తెలియకూడదు, తెలిస్తే శనివారానికల్లా క్లబ్బుకి తెలుస్తుంది. ఇంకో కాయ తీసి ఒలిచాను. ఆమె ఒలిచినవి కొన్ని తీసుకుని వెళ్ళిపోయింది.

జూలై 9

వారం నుంచి షెడ్డు తలుపు తియ్యలేదు. మధ్యాహ్నాలు హెడ్లీ దగ్గరే కూర్చుంటున్నాను. తను కిటికీలోంచి షెడ్డు వంక చూస్తాడు, తర్వాత నా వంక.

జూలై 11

వెళ్ళమన్నాడు. చేత్తో, గదమాయించినట్టు. “బాయిలర్” అన్నాడు.

జూలై 18

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి.

పొగగొట్టం, బాయిలర్ మీద గుమ్మటంలా కూర్చునే డోము ఇత్తడివి కావు. సీసంలాంటి మెత్తని తెల్ల లోహంతో పోతపోసినవి. సూచనల కాగితంలో రాసే ఉంది, తక్కువ వేడి పెట్టాలని. చదివాను. చదివి కూడా అలవాటు చేతితో మామూలు ఐరనే పెట్టాను. రెప్పపాటు. పొగగొట్టం పక్కకి ఒరిగి, ఐస్‌క్రీమ్‌లా జారి, బాయిలర్ మీద నాణెమంత ముద్దయి కూర్చుంది.

పొగగొట్టం లేని ఇంజిన్! ఆ పెట్టెలు చేసే ఆయన పోయి మూడేళ్ళయిందట, డెస్మండ్ ఆ మధ్య ఎప్పుడో చెప్పాడు. ఇంకొకటి దొరికే దారి లేదు. డెస్మండ్‌ని అడగొచ్చు, అడిగితే ఎలా కరిగిందంటాడు. అరగంట కూర్చున్నాను. ఆ పాత కుర్చీలో, హెడ్లీ కూర్చునే కుర్చీలో, ఏమీ చెయ్యకుండా గోడ వంక చూస్తూ. అప్పుడనిపించింది, ఐదేళ్ళూ అతను ఇలాగే కూర్చుని ఉంటాడని.

ముద్దని గీకి తీసి, రుమాల్లో పెట్టుకుని ఇంట్లోకి వచ్చాను. హెడ్లీ ముందు విప్పాను. “పొగగొట్టం” అన్నాను. “నేనే. కరిగించేశాను.”

ముద్దని చూశాడు, నన్ను చూశాడు. కర్ర అందుకుని లేచాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. తోటలో ఒక్కో అడుగూ వేసుకుంటూ షెడ్డుదాకా నడిచాడు, నేను వెనకే. పై అరలో రంగు డబ్బాల వెనక పొగాకు డబ్బా ఒకటి చూపించాడు. దించి ఇచ్చాను. గడ్డంతో అదిమిపెట్టి ఎడమచేత్తో మూత తీశాడు.

లోపల నాలుగు ముద్దలు. నేను చేసినలాంటివే. ఒకదానికి పొగగొట్టం అంచు ఇంకా కనబడుతూనే ఉంది. వాటి మధ్య ఒక్కటి మాత్రం సరిగ్గా ఉంది, కొన్నది కొన్నట్టు.

ఆ పెట్టెలు చేసే ఆయన ఉన్న రోజుల్లోనే విడిగా తెప్పించుకుని ఉంటాడు. నాలుగుసార్లు కరిగించి, ఐదోదాన్ని ముట్టుకోవడానికి ధైర్యం లేక దాచిపెట్టాడు.

నా ముద్దని తీసుకుని ఆ నాలుగింటి పక్కన పెట్టాడు. “ఐదు” అన్నాడు. తర్వాత నవ్వాడు. ఒక పక్కకే నవ్వు, ఇంకో పక్క కదలదు, నోటి చివర తడి. నేనూ నవ్వాను, నిలబడలేక బల్ల పట్టుకునేంతగా. ఫిబ్రవరిలో ఆ రోజు తప్పిస్తే, ఆ షెడ్డులో ఇద్దరం ఉండటం ఇదే మొదటిసారి.

డబ్బాలో మిగిలిన మంచిదాన్ని జిగురుతో అతికించాం. అతను పట్టుకున్నాడు, నేను పెట్టాను.

ఆగస్టు 2

ఇప్పుడు కుర్చీలు రెండు. మధ్యాహ్నం పడుకోవడం మానేశాడు. పైపులు, కడ్డీలు, దీపాలు తగిలించే కొక్కేలు, మెట్లు, ఇసుక పెట్టెలు, ఒక్కోటీ గింజంత. నేను పట్టకారుతో పెడుతుంటే అతను తలాడిస్తాడు, లేదా ఆడించడు. కుడి పక్క పైపు సూచనల కాగితంలో ఉన్నట్టు వంచితే ఊరుకోలేదు. “కాదు” అని కొత్త మాట. సుద్దముక్కతో బల్ల మీద గీసి చూపించాడు, అసలు ఇంజిన్‌కి ఎలా ఉండేదో. కాగితం తప్పు. ఆ ఇంజిన్ల బాయిలర్లు ఎన్నిటి లోపలికి దూరి బయటికొచ్చాడో.

ఆగస్టు 15

రేడియోలో బ్యాటరీలు లేవు. వాటిని ఏప్రిల్‌లోనే తీసి గోడగడియారానికి వేశాను.

ఆగస్టు 16

నిన్న రాసింది చదివాను. ఇంత రాసినదాన్ని మిగతాదీ రాయాలి.

వినపడింది. జూన్‌లో ఆ రోజు. చక్రం పైన గొడుగులా వంగే రేకు అతుకుతున్నాను. టంకం అప్పుడే పాకింది, ఇంకా మెరుస్తోంది. తోటలోంచి “మంగళవారం” అని వినపడింది. మళ్ళీ ఇంకోసారి, పెద్దగా. ఇప్పుడు కదిపితే అతుకు పోతుందనుకున్నాను. చల్లారి మసకబారేదాకా ఆగాను.

తర్వాత రెండో చక్రం రేకు కూడా పెట్టాను. అది కూడా అతికాను. అప్పుడు వెళ్ళాను.

దారి మీద గులకరాళ్ళలో బోర్లా పడి ఉన్నాడు. తల ఎత్తి షెడ్డు తలుపు వైపే చూస్తున్నాడు.

సెప్టెంబర్ 8

రంగు వేశాం. పైన ఆకుపచ్చ, కింద నలుపు. తలుపు మూసి, దుమ్ము లేవకుండా నేలంతా తడిపి. నంబరు హెడ్లీ ఎంచాడు. అంకెలు పరిస్తే ఒక్కొక్కటే వేలితో చూపించి, పైకి చదివాడు. ఆ ఇంజిన్‌కి చివరి మరమ్మతు చేసినవాళ్ళలో తనూ ఒకడనుకుంటాను. అడిగితే తలాడించాడు. ఏది అడిగినా ఈ మధ్య సరిగ్గానే తలాడిస్తున్నాడు.

సెప్టెంబర్ 25

పట్టాల ముక్క మీద నడిచింది. ముందుకీ, వెనక్కీ. గేరు సన్నగా పాడుతోంది, నూనె వేస్తే మానింది.

డెస్మండ్ ఫోన్ చేశాడు. పక్కన పెట్టే అట్టముక్క మీద ఏం రాయమంటారు అనడిగాడు. ‘చేసినవారు: హెడ్లీ డ్రూయెట్’ అని రాయమన్నాను. నాకేం? నేనేమైనా క్లబ్బు మనిషినా?

ఫోన్ పెట్టి చూస్తే హెడ్లీ వెనకే ఉన్నాడు.

అక్టోబర్ 19

ప్రదర్శన. బూడిదరంగు కోటు వేసుకున్నాడు, టై నేను కట్టాను. హాల్లో గంటకే కుర్చీలు నిండిపోయాయి. వర్క్‌షాపు పాతవాళ్ళు పదిమందిదాకా వచ్చారు. మా ఇంజిన్ మూడు బొగ్గు పెట్టెల్ని లాక్కుంటూ గుండ్రటి దారి మీద తిరుగుతోంది. మా ఇంజిన్ అని రాశాను.

మధ్యాహ్నం కప్పు ఇచ్చే ముందు డెస్మండ్ మైకు పట్టుకున్నాడు. ఈ ఏడు ఉత్తమ ఇంజిన్ గురించి న్యాయనిర్ణేతలు అసలు ఆలోచించనే లేదన్నాడు. సగం శరీరం సహకరించకపోయినా, ఒక్క చేత్తో, అదీ ఎడమచేత్తో, వెంట్రుకంత సన్నటి పని చేసిన మనిషి మన మధ్య కూర్చున్నాడన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. నేను నేల వంక చూస్తున్నాను.

హెడ్లీ లేచాడు. కర్రతో మెల్లగా బల్ల దగ్గరికి నడిచాడు. కప్పు అందుకోవడానికి అనుకుని డెస్మండ్ చెయ్యి చాపాడు. హెడ్లీ కప్పు ముట్టుకోలేదు. తన పేరున్న అట్టముక్క తీసి బోర్లా పెట్టాడు.

“రివెట్లు” అన్నాడు. వేలు తన గుండెకి తగిలించుకున్నాడు. “నేను.”

నోరు ఇంకా తెరిచే ఉంది, వెతుకుతున్నాడని నాకు తెలుసు. లోపల్నుంచి ఏదో బరువైనది లాగుతున్నట్టు మెడ నరాలు ఉబ్బాయి.

“మిగతాది... ఈమె.”

వేలు నా వైపు.

డెస్మండ్ మైకు పక్కకి తిప్పి జాలిగా నవ్వాడు. మాట తడబడుతోంది పాపం అని ముందు వరసవాళ్ళకి చెప్పాడు. తర్వాత నన్ను అడిగాడు, “ఏమంటున్నాడండీ?”

ఒక్క మాట చాలు. అలిసిపోయాడండీ అంటే సరిపోయేది, అందరూ నమ్మేవాళ్ళు. ఆర్నెల్ల పని నిలబడేది. హెడ్లీ నన్నే చూస్తున్నాడు. బతిమాలడం లేదు. నేనేమంటానో చూస్తున్నాడంతే.

“ఉన్నదే అంటున్నాడు” అన్నాను. “రివెట్లు తను వేశాడు. మిగతాది నేను చేశాను.”

తర్వాత ఎవరేం అన్నారో అంతా గుర్తులేదు. డెస్మండ్ మెడ నుంచి పైకి ఎర్రబడ్డాడు. నియమాల ప్రకారం క్లబ్బు సభ్యులు చేసినవే పోటీకి, అంచేత ఈ విషయం కొంచెం చర్చించుకోవాలన్నాడు. చర్చించుకుని కప్పు ఇంకొకరి ఇంజిన్‌కి ఇచ్చారు. అదీ బాగానే ఉంది, పెద్దది. పాత వర్క్‌షాపువాళ్ళలో ఎవరూ హెడ్లీని ఏమీ అడగలేదు. ఒకాయన మాత్రం బల్ల దగ్గర వంగి, కళ్ళజోడు తీసి, ట్యాంకు పక్కన రివెట్లు లెక్కపెట్టాడు. లెక్కపెట్టి హెడ్లీ భుజం మీద చెయ్యి వేశాడు.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన, నాకు పరిచయం లేదు, ఇంజిన్‌ని తిరగేసి అడుగున చూస్తూ, “అతుకు ఎక్కడుందో కనబడటం లేదమ్మా. ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నాడు.

టెలిఫోన్ల ఫ్యాక్టరీలో అన్నాను.

అక్టోబర్ 20

నిన్న బస్సులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఒళ్ళో పెట్టెలో ఇంజిన్. ఇంటికొచ్చి సూపు వేడి చేసి పెట్టాను, అదీ మాట్లాడకుండానే. కోపం. ఆర్నెల్లు కాపాడింది అతను ఒక్క నిమిషంలో బల్ల మీద పడేశాడు. ఇంకోటి కూడా ఉంది. ఆ న్యాయనిర్ణేత ఇంజిన్ తిరగేసి చూసినప్పుడు నా ఒంట్లో కలిగిన సంతోషం. ఇంతకాలం హెడ్లీ కోసమే అని రాస్తూ వచ్చాను. ఈ పుస్తకంలో ఎన్నిచోట్ల రాశానో చూసుకుంటే సిగ్గేసింది.

ఈ ఉదయం ఆదివారం, ఎండ. వంటింటి బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్నాను. ఎందుకలా చేశావని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అంతమంది ముందు, ఉన్న నాలుగు మాటలూ ఖర్చుపెట్టి నిజం చెప్పిన మనిషిని ఏమని అడగను. నా దగ్గర మాటలకి కొదవలేదు, చెప్పనిది మాత్రం ఒకటుంది.

చెప్పాను. జూన్‌లో నువ్వు పడ్డ రోజు నాకు వినపడిందన్నాను. రేడియో లేదన్నాను. అతుకు పెడుతున్నాను, టంకం ఇంకా ఆరలేదు, అందుకని ఆగానన్నాను.

హెడ్లీ బల్ల మీది రొట్టె తుంపుల్ని ఒక్కొక్కటే దగ్గరికి చేర్చుకుంటున్నాడు. నేను లేవబోయాను.

“వేడిది” అన్నాడు. ఆగాడు. సుత్తి పట్టినట్టు ఎడమచెయ్యి ఎత్తాడు. “వేడిది... వదలరు.”

ఎర్రగా కాలిన రివెట్‌ని పనివాడెవడూ మధ్యలో వదలడని. వర్క్‌షాపులో నలభై ఏళ్ళు అదే కదా.

అక్కడితో ఆపేయొచ్చు. ఆపేద్దామనే అనుకున్నాను.

“రెండోది కూడా పెట్టాను” అన్నాను. “మొదటిది చల్లారాక. నువ్వు పిలుస్తూనే ఉన్నావు. రెండోది కూడా పెట్టి వచ్చాను.”

చెయ్యి కిందికి దించాడు. నా మొహంలోకి చూశాడు, కిర్స్టీ బొమ్మల కార్డు చూపిస్తే చూసేటంత శ్రద్ధగా.

“రెండోది” అన్నాడు. “తప్పు.”

“అవును” అన్నాను.

తలాడించాడు. పక్కింట్లో ఎవరో గడ్డి కోస్తున్నారు, ఈ ఏడాదికి ఇదే చివరిసారేమో. కాసేపటికి ఖాళీ టీకప్పు నా వైపు జరిపాడు. కెటిల్ పెట్టాను.